నాలుగో నంబరు గోడౌన్‌లో సెంటర్ ఫార్వర్డ్

భీమరాయపట్నంలో గిడ్డంగుల మండలికి ఎనిమిది గోడౌన్లు, ఒక లారీల కాటా, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉన్నాయి. గోడౌన్లు ఎందుకున్నాయో ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. క్లబ్బు ఎందుకుందో మాత్రం వచ్చిన ప్రతి ఎండీ గారూ ఆరు నెలలు ఆరా తీసి, సంగతి అంతుపట్టకుండానే బదిలీ అయిపోయేవారు. అందుకే అది ఇన్నాళ్లూ నిక్షేపంలా బతికింది.

నలభై ఏళ్ల కిందట బస్తాలు మోసే కళాసీలు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, చిరిగిన గోనెలు చుట్టి బంతి చేసుకుని తన్నుకుంటూ ఉండేవారు. అప్పటి మేనేజరొకాయన అది చూసి ముచ్చటపడి, ఎనిమిదో గోడౌన్ పక్కనున్న ముళ్లకంపల జాగా చదును చేయించి ఇచ్చాడు. ఆ జట్టే పెరిగి పెద్దదై కోస్తా లీగ్ మొదటి డివిజన్‌లోకి ఎక్కింది. ఎక్కాక మళ్లీ దిగలేదు.

మజ్జి అప్పలనర్సయ్య ఆ జట్టులో పదిహేనేళ్లు ఆడాడు. ఆడుతూనే కళాసీల ముఠాకు మేస్త్రీ అయ్యాడు. మోకాలు మొరాయించాక ఇరవై రెండేళ్ల నుంచి కోచ్‌గా ఉన్నాడు. కోచ్ అన్న మాట జీతం కాగితం మీదే ఉంది, ఆటగాళ్లందరికీ ఆయన ఇప్పటికీ మేస్త్రీయే. రోజూ తెల్లారకముందే వెళ్లి మైదానం గేటు తీసి, చెప్పులు విడిచి, గడ్డిలో రాళ్లు ఏరుకుంటూ ఒక చుట్టు తిరుగుతాడు. ఆయన భార్యకు ఆ మైదానమంటే సవతి మీద ఉన్నంత కోపం. ఆ కోపంలో న్యాయం లేదని ఎవరూ అనలేరు.

ఇలా సాఫీగా సాగిపోతున్న క్లబ్బుకి కిందటేడు బుద్ధి పుట్టి, మొదటిసారి బయటి నుంచి ఒక ఆటగాణ్ణి కొన్నది. పద్దెనిమిది లక్షలు పెట్టి తెచ్చిన సెంటర్ ఫార్వర్డ్ మొదటి మ్యాచ్ ఇరవై మూడో నిమిషంలో మోకాలు మెలిపడి కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆడిట్ వారు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఫైల్లో ఉంది: "పద్దెనిమిది లక్షలకు కొనుగోలు చేసిన సరుకు ఇరవై మూడు నిమిషముల వాడకంలోనే పాడైనది. సదరు సరుకును వాడుటకు అనుమతించిన అధికారి ఎవరో తెలుపవలెను."

ఆ ఉత్తరానికి జవాబు రాయలేక పాత ఎండీ సెలవు పెట్టాడు. ఆయన స్థానంలో చిరువోలు వామనమూర్తి గారు వచ్చారు.

వామనమూర్తి గారు వచ్చీ రాగానే ఒక కొండ ప్రాంతంలో మూడు రోజుల సదస్సుకు వెళ్లొచ్చారు. క్రీడా సంస్థలు ఆటగాళ్ల మీద డబ్బు వివేకంగా ఎలా ఖర్చు పెట్టాలన్నది ఆ సదస్సు విషయం. వెళ్లేటప్పుడు మామూలు మనిషి లాగానే వెళ్లారు. తిరిగొచ్చిన మర్నాడే మీటింగు పెట్టించారు. అప్పలనర్సయ్యని కూడా పిలిచి, తలుపు దగ్గరున్న కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఆటగాడు అనగా ఏమిటి?" అన్నారు ఎండీ గారు.

ప్రశ్న ఎండీ గారిది కాబట్టి జవాబు కూడా ఆయన దగ్గరే ఉంటుందని అందరికీ అనుభవం.

"ఆటగాడు ఒక చరాస్తి. తక్కువకు కొనుట, ఎక్కువకు అమ్ముట, వివేకవంతమైన వ్యయమనగా ఇంతే. లోకంలోని తెలివైన క్లబ్బులన్నీ ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి కొని ఇరవై మూడో ఏట అమ్ముచున్నవి. కొనునపుడు నష్టము లేదు. అమ్మునపుడు నష్టము లేదు. మరి నష్టము ఎక్కడ సంభవించుచున్నది? మధ్యకాలమున. ఆ మధ్యకాలమున ఏమి జరుగుచున్నది?"

అప్పలనర్సయ్యకి ఉండబట్టలేదు. "ఆట ఆడతారండి" అన్నాడు.

"అదీ!" అని ఎండీ గారు బల్ల మీద చరిచారు. "తెగులు అక్కడున్నది. ఆడినవానికి కాలు విరుగును. ఆడినవాడు గోలు తప్పును. పదివేల మంది చూచుచుండగా తప్పును. వాని విలువ పడిపోవును. కొన్నవానిని ఆడించుట, కొత్త చీరను కట్టుకుని పొయ్యి ఊదుట వంటిది."

అకౌంట్స్ ఆఫీసరు పుస్తకంలో చీర దాకా రాసుకున్నాడు.

"మనకు ఫుట్‌బాల్ తెలియదు. ఒప్పుకొందము. కానీ నిల్వ చేయుటలో మనలను మించిన వారెవరు? బియ్యమును మూడేళ్లు ఉంచి గింజ విరగకుండా అప్పగించు సంస్థ, మనిషిని రెండేళ్లు ఉంచలేదా?"

ఈ మాటకి మండలిలో పాతికేళ్లుగా పనిచేస్తున్న వాళ్ల ఛాతీలు పొంగాయి. ఇన్నాళ్లూ ఫుట్‌బాల్ మాటెత్తితే తెల్లమొహం వేసిన వాళ్లకి, అది కూడా తమ విద్యేనని తెలిసిపోయింది. క్రీడాకారుల నిల్వ, సంరక్షణ విధానం ఆ పూటే ఆమోదం పొందింది.

"అయితే మరి మేచ్‌లు ఎవులు ఆడతారండీ?" అన్నాడు అప్పలనర్సయ్య.

"విలువ లేనివారు" అన్నారు ఎండీ గారు.

*

మొదటి సరుకు కలకత్తా నుంచి దిగింది. సోమనాథ్ మండల్, సెంటర్ ఫార్వర్డ్, వయసు ఇరవై రెండు, ధర ఇరవై నాలుగు లక్షలు. స్టేషన్ నుంచి జీపులో తీసుకొచ్చి, మైదానం ముందు నుంచే పోనిచ్చి, కాటా దగ్గర దింపారు.

అక్కడ స్టోర్‌కీపర్ పిరిడి లక్ష్మణస్వామి కళ్లజోడు సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. స్వామి అంటే కళాసీలకు హడల్. బస్తా అడుగున గుప్పెడు గింజలు రాలితే ఎవరి భుజం మీద రాలాయో చెప్పగలడు. నిబంధన పుస్తకంలో లేని నవ్వు ఆయన ముఖాన ఎవరూ చూడలేదు. అయితే ప్రతి శనివారం మ్యాచ్ అయ్యేంతసేపూ ఆయన గేటు పక్కన తాళాలగుత్తి పట్టుకుని నిలబడే ఉంటాడు. ఎందుకయ్యా అంటే, తాళం వేయాలి కదా అంటాడు.

స్వామి సోమనాథ్‌ని కాటా మీద నిలబెట్టి అరవై ఎనిమిది కిలోలని రాసుకున్నాడు. చుట్టూ తిరిగి చూసి, "స్థితి: బాగున్నది. పురుగు: లేదు" అని రసీదు కోశాడు. నాలుగో నంబరు గోడౌన్‌లో, నేల చెమ్మ తగలకుండా చెక్కబల్లలు పరిచి, గాలి ఆడేందుకు గోడకు రెండడుగులు ఎడంగా వదిలి, ఆ బల్లల మీద పరుపు వేయించాడు. పొద్దున పాలు, రెండు గుడ్లు. మధ్యాహ్నం చేపలకూర. పదిహేను రోజులకోసారి పురుగు మందు పొగబెట్టేటప్పుడు మాత్రం బయటికి తెచ్చి నీడన కూర్చోబెట్టాలి. లోటన్నది ఎక్కడా లేదు.

"స్వామిగారూ, ఈడు నా ఫార్వర్డండి. శనివారం మేచ్ ఉంది" అన్నాడు అప్పలనర్సయ్య.

"డెలివరీ ఆర్డర్ తెచ్చావా?"

"ఎవులిస్తారండి అది?"

"ఎండీ గారు."

"ఆయనిస్తారంటారా?"

"ఎందుకిస్తారయ్యా, ఇస్తే అరిగిపోడూ?" అన్నాడు స్వామి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

సోమనాథ్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. బల్లల మీద కూర్చుని, పక్క గోడౌన్లో బస్తాలు దించే కళాసీల మాటలు వింటూ వింటూ నెల రోజుల్లో ఒక మాట పట్టుకున్నాడు. అప్పలనర్సయ్య ఎప్పుడు గోడౌన్ ముందు నుంచి వెళ్లినా కటకటాల్లోంచి ఆ మాటే అడిగేవాడు.

"మేస్త్రీ, ఎప్పుడు?"

అప్పలనర్సయ్య తలొంచుకుని వెళ్లిపోయేవాడు.

మూడు నెలలయ్యేసరికి అద్భుతం జరిగింది. పై జిల్లా క్లబ్బొకటి సోమనాథ్‌ని ఇరవై తొమ్మిది లక్షలకు అడిగింది. ఆ సీజన్‌లో అతను ఒక్క గోలూ తప్పలేదు, ఒక్క తప్పు పాసూ ఇవ్వలేదు, ఒక్క ఎల్లో కార్డూ చూడలేదు. అంతటి మచ్చలేని రికార్డు లీగ్‌లో ఇంకెవరికీ లేదు. ఎండీ గారు అమ్మలేదు. ఇంకా పెరుగుతుందని చెప్పి, మరో ఏడుగురిని కొన్నారు. నాలుగో గోడౌన్‌లో బల్లల వరసలు పెరిగాయి.

*

బయట మాత్రం ఆట ఆగలేదు. అప్పలనర్సయ్య పాత కళాసీలనే కూడగట్టి జట్టు నిలబెట్టాడు. వాళ్ల మీద పైసా పెట్టలేదు కాబట్టి వాళ్లు అరిగినా, విరిగినా మండలికి పట్టింపు లేదు. వాళ్లకీ అది హాయిగానే ఉంది. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో మూడు గెలిచి, పట్టికలో రెండో స్థానంలో కూర్చున్నారు.

ఐదో మ్యాచ్‌లో గరికిన ఎర్రయ్య రెండు గోల్స్ వేశాడు. ఎర్రయ్యది పల్లెపేట. చేపల వేట లేని రోజుల్లో బస్తాలు మోస్తాడు. రెండో గోలు వేసినప్పుడు గేటు దగ్గర లక్ష్మణస్వామి తాళాలగుత్తి గలగలలాడింది. అది పొరపాటున కదిలిందని ఆయన తరవాత వివరణ ఇచ్చాడు.

సోమవారం ఆటగాళ్లకు విలువ కట్టే మదింపు కమిటీ కూర్చుంది. ఇటువంటి గోల్స్ వేసేవాడు మార్కెట్లో మూడు లక్షలకు తక్కువ రాడని అకౌంట్స్ ఆఫీసరు లెక్క తేల్చాడు. మూడు లక్షల ఆస్తిని ఎండలో, వానలో, ప్రత్యర్థుల కాళ్ల మధ్య వదిలేయడం నేరపూరిత నిర్లక్ష్యమని ఎండీ గారు రాశారు. మంగళవారం పొద్దున ఎర్రయ్యని కాటా ఎక్కించారు.

ఎర్రయ్య భార్య క్యారేజీ తెచ్చి, లోపల పాలూ గుడ్లూ చూసి, పోనీలే అని తిరిగి వెళ్లిపోయింది. ఎర్రయ్య మాత్రం అప్పలనర్సయ్య చేతులు పట్టుకుని వదల్లేదు.

"మేస్త్రీ, ఇంకొక్క మేచ్ ఆడనీయమని సెప్పు. ఈపాలి బయటికే తంతాను. నూకాలమ్మ తల్లి మీద ఒట్టు, ఒక్కటి కూడా లోపలికెల్నీను!"

"నాను సెప్తే ఎవుడింటాడ్రా?" అన్నాడు అప్పలనర్సయ్య.

ఆ తరవాత వారానికొకడు చొప్పున లోపలికి వెళ్లాడు. గోలు వేసినవాడు వెళ్లాడు. వేసేందుకు బంతి అందించినవాడు కూడా విలువైనవాడేనని సవరణ రావడంతో వాడూ వెళ్లాడు. పెనాల్టీ ఆపిన గోల్‌కీపర్‌ని చెమటైనా ఆరనీయకుండా తీసుకెళ్లారు. లోపలికి వెళ్లినవాడు మళ్లీ అమ్ముడుపోతేనే బయటికి రావాలి. ఎండీ గారు దేన్నీ అమ్మరు, ఇంకా పెరుగుతుందంటారు.

మిగిలిన వాళ్లకి విషయం బోధపడింది. ఆడాలంటే బాగా ఆడకూడదు. బంతి కాళ్ల దగ్గరికొస్తే ఆకాశంలోకి తన్నడం నేర్చారు. కొత్త గోల్‌కీపర్ మ్యాచ్‌కి రెండు గోల్స్ క్షేమం కోసం వదిలేవాడు. ఇంత శ్రద్ధగా చెడగొట్టడం కూడా మామూలు విద్య కాదు. క్లబ్బు రెండో స్థానం నుంచి తొమ్మిదికి, అక్కడి నుంచి ఆఖరున పదికి జారింది.

అప్పలనర్సయ్య ఎండీ గారి గదికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఇంకొక్క మేచ్ మిగిలింది. అది నెగ్గకపోతే రెండో డివిజన్‌లోకి దిగిపోతాం. ఒక్క ఎర్రయ్యని ఇప్పించండి. మేచ్ అవగానే కడిగి, తుడిచి మళ్లీ అప్పగించేస్తాను."

"నర్సయ్యా, నీ ఆవేదన గమనించితిని" అన్నారు ఎండీ గారు దయగా. "కానీ నీవు క్లబ్బును మైదానంలో చూచుచున్నావు. నేను సమగ్రముగా చూచుచున్నాను. మన ఆటగాళ్ల మొత్తం విలువ ఈ ఏడు రెండింతలైనది. లీగ్‌లో అత్యంత విలువైన క్లబ్బు మనదే."

"పట్టీలో ఆకర్న ఉన్నామండి."

"పట్టిక విలువను కొలవదు. అన్నట్లు, నీకొక విషయం తెలియపరచవలెను. రెండో డివిజన్‌కు పంచాయతీ మైదానాలు చాలునట. కనుక క్లబ్బు దిగినచో మన మైదానం అనవసర స్థిరాస్తి అగును. ఆటగాళ్ల నిల్వ పెరుగుచున్నందున అచ్చట తొమ్మిదో గోడౌన్ నిర్మించుటకు తీర్మానించితిమి. పునాదికి గీతలు కూడా గీయించితిమి."

అప్పలనర్సయ్య బయటికొచ్చి చూశాడు. నిజమే. తను ముప్పై ఏడేళ్లు చెప్పుల్లేకుండా నడిచిన గడ్డి మీద ఎవరో సున్నంతో పెద్ద పెద్ద చదరాలు గీసి పోయారు. ఆయనకి కోపం రాలేదు. భయం వేసింది. రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియని మనిషికి వేసే భయం అది.

*

ఆఖరి మ్యాచ్ కృష్ణవరం డెయిరీ జట్టుతో. గెలిస్తే నిలుస్తారు. సమానమైతే చాలదు.

అప్పలనర్సయ్య మిగిలిన పదకొండు మందినీ కూర్చోబెట్టి, "ఎవుడో ఒకడు ఒక్క గోలు కొట్టండ్రా. మైదానం నిలుస్తాది" అన్నాడు.

సూరాడ దానయ్య నసిగాడు. "మేస్త్రీ, వచ్చే నెల్లో నాకు పెళ్లండీ. గోడౌన్లో ఎట్టెత్తే పిల్లనేటి సేసేది?" ఇంకొకడికి వలలో వాటా ఉంది. ఇంకొకడి తల్లికి కళ్ల ఆపరేషను ఉంది. అప్పలనర్సయ్య వాళ్ల ముఖాల వంక చూశాడు. మైదానం కోసం మనిషిని గోడౌన్లో వేయమని అడగడం ఆయనకి సిగ్గనిపించింది.

గడ్డి పరకలు పీకుతూ ఆలోచించి, తల పైకెత్తాడు.

"అయితే మీరెవులూ కొట్టొద్దు. బంతిని ఆళ్ల గోలు ముందరికి అడ్డంగా తోసెయ్యండి. తోసేసి ఎనక్కొచ్చెయ్యండి. మిగతాది ఆళ్లే సూసుకుంటారు."

మ్యాచ్ రోజు ఎండీ గారూ, మదింపు కమిటీ వారూ గీత పక్కనే కుర్చీలు వేయించుకుని ఫారాలతో కూర్చున్నారు. ఆట మొదలైన పది నిమిషాలకే కృష్ణవరం వాళ్లు తికమక పడ్డారు. గిడ్డంగుల వాళ్లు బంతి తెస్తారు, గోలు ముందు నుంచి అడ్డంగా దొర్లిస్తారు, పరిగెత్తి వెనక్కి వెళ్లిపోతారు. కొట్టరు. కొట్టబోతున్నట్టు కూడా కనిపించరు. జీవితమంతా కొట్టేవాళ్లని ఆపడమే నేర్చుకున్న బ్యాక్‌లు, ఎవర్ని ఆపాలో తెలియక ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

అటు నుంచి దాడి వచ్చినప్పుడల్లా మన గోల్‌కీపర్ వీపు తిప్పి నిలబడ్డాడు. బంతి వచ్చి వీపుకు తగిలిందే కానీ తాను పట్టలేదు. అందులో మదింపు వేయడానికేమీ దొరక్క కమిటీ వారు పెన్నులు మూశారు.

ఎనభై ఎనిమిదో నిమిషం దాకా గోలు లేదు. అప్పలనర్సయ్య కూర్చోలేక, నిలబడలేక, తుండు నోట్లో కుక్కుకున్నాడు. అప్పుడు దానయ్య కుడివైపు నుంచి బంతిని మరోసారి అడ్డంగా తోసి, పెళ్లికూతురు గుర్తొచ్చినట్టు వెనక్కి పరుగు తీశాడు. బంతి మెల్లగా దొర్లుతూ వెళ్లింది. దాని వెనక ఎవరూ లేరు. కృష్ణవరం బ్యాక్ చుక్కా జోసెఫ్ అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరో ఒకరు వస్తారన్న కంగారులో కాలు చాచాడు. బంతి అతని కాలి అంచుకి తగిలి, తమ గోల్‌కీపర్ చేతుల కింద నుంచి లోపలికి పోయింది.

రిఫరీ ఈల ఊదాడు. గేటు దగ్గర తాళాలగుత్తి ఆకాశంలోకి లేచింది. అప్పలనర్సయ్య గడ్డి మీద బోర్లా పడి, మొహం అందులో దాచుకుని ఏడ్చాడు.

*

సోమవారం మీటింగుకి అప్పలనర్సయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. మైదానం నిలిచింది, ఇక ఎవరేమన్నా పట్టించుకునేది లేదనుకున్నాడు.

మొదటి అంశంగా చుక్కా జోసెఫ్‌ను ముప్పై ఒక్క లక్షలకు కొనాలని తీర్మానం వచ్చింది.

"అయ్యగారూ! ఆడు ఆళ్ల బ్యాకండి. పొరపాట్న సొంత గోలు కొట్టీసుకున్నాడు!"

"గోలు ఎవరికి లెక్కకు వచ్చినది?"

"మనకేనండి."

"వేసినది ఎవరు?"

"జోసెఫేనండి, కానీ..."

"ఈ సీజన్‌లో మన క్లబ్బుకు అత్యంత విలువైన గోలు వేసిన మనిషి మన క్లబ్బులో లేకుండుట విధాన లోపము" అన్నారు ఎండీ గారు. లోపాన్ని సరిదిద్దడానికి అందరూ చేతులెత్తారు.

రెండో అంశం మైదానం. మొదటి డివిజన్‌లో నిలిచిన మైదానం కాబట్టి దాని మీద గోడౌన్ కట్టడం రద్దయింది. అప్పలనర్సయ్య దణ్ణం పెట్టబోయాడు. అయితే అదే కారణంగా దాని విలువ పెరిగింది. విలువ పెరిగిన గడ్డిని బూటుకాళ్లతో తొక్కనివ్వడం తగదు కనుక గేటుకు తాళం వేసి, తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర ఉంచాలన్నారు.

"మరి ఆటెక్కడాడతామండీ?"

"జట్టు ఎక్కడున్నది, ఆడుటకు?" అన్నారు ఎండీ గారు. "మొన్న గెలిచిన పదకొండు మంది విలువ కూడా పెరిగినది. పొద్దుననే కాటాకు పంపితిమి."

మూడో అంశం చదువుతుంటే అప్పలనర్సయ్యకి తన పేరు వినిపించింది. ఒక్క ఆటగాడి విలువైనా వాడకుండా, ఒక్క గోలైనా వేయించకుండా మ్యాచ్ గెలిచిన కోచ్ దేశంలో ఇంకొకడు లేడు. అటువంటివాణ్ణి రోజూ ఎండలో తిప్పి అరగదీయడం మండలికి శ్రేయస్కరం కాదు.

"బాబ్బాబూ, నాకు యాభయ్యారేళ్లు" అన్నాడు అప్పలనర్సయ్య. "మోకాలు పోయింది. సూపు కూడా సరిగ్గా ఆనదు. పాతబడిపోయినాను. నన్నెవులు కొంటారండి?"

ఎండీ గారు మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వారు. "ఏమయ్యా, ఇన్నేళ్లు బస్తాలు మోసితివి. కొత్త బియ్యం ధర ఎక్కువా, పాత బియ్యం ధర ఎక్కువా?"

పాత బియ్యం ధరే ఎక్కువని అప్పలనర్సయ్యకి తెలుసు.

*

నాలుగో గోడౌన్‌లో ఇప్పుడు ముప్పై ఇద్దరు ఉన్నారు. ఆడేవాడు లేక కొత్త సీజన్‌లో క్లబ్బు జట్టునే దింపలేదు. అందువల్ల ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు. డబ్బును అత్యంత వివేకంగా ఖర్చు పెట్టిన క్లబ్బుగా వామనమూర్తి గారికి కొండ ప్రాంతంలో శాలువా కప్పారు. వేరే క్లబ్బుల వాళ్లు బస్సుల్లో వచ్చి గోడౌన్ చూసి, బల్లల కొలతలు రాసుకుని వెళ్తున్నారు.

అప్పలనర్సయ్య బల్ల గాలి కిటికీ కింద ఉంది. దాని మీదికెక్కితే మైదానం కనిపిస్తుంది. గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఒకవైపు సోమనాథ్, ఇంకోవైపు జోసెఫ్. జోసెఫ్ ఇంకా తనని శిక్షించడానికే తెచ్చారనుకుంటున్నాడు. సోమనాథ్ మాత్రం ఆ ఒక్క మాటే అడుగుతున్నాడు.

"మేస్త్రీ, ఎప్పుడు?"

ఒకనాడు పొద్దున లక్ష్మణస్వామి సరుకు తనిఖీకి వచ్చాడు. ఒక్కొక్కణ్ణి చూసి టిక్కు పెట్టుకుంటూ అప్పలనర్సయ్య దగ్గర ఆగి, ఎందుకో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "శనివారాలు ఏం తోచట్లేదు నర్సయ్యా" అన్నాడు. పాతికేళ్లలో ఆయన నోట నిబంధనల్లో లేని మాట రావడం అదే మొదలు.

అప్పలనర్సయ్యకి ముఠా మేస్త్రీగా ఉన్నప్పటి సంగతి ఏదో గుర్తొచ్చింది.

"స్వామిగారూ, బస్తాల్లో తరుగు ఎంత దాకా ఒప్పుకుంటారండి?"

"నూటికి ఒకటిన్నర. ఎలకలు తిన్నా, ఎండకి ఆరినా అంతవరకు ఎవరూ అడగరు."

"ఆ రూలు ఈ గోడౌన్‌కి కూడా ఉందా అండి?"

"నిల్వ ఉన్న ప్రతి సరుకుకీ ఉంది."

"మైదానానికో?"

"అదీ నా స్టాకే."

"అయితే రోజుకి నూటికి ఒకటిన్నర సొప్పున ఎన్ని నిమిషాలవుద్దో సూడండి."

స్వామి బల్ల అంచున కూర్చుని రసీదు పుస్తకం వెనక లెక్క వేశాడు. రోజుకి పద్నాలుగు వందల నలభై నిమిషాలు. ఒకసారి గుణించాడు, మళ్లీ గుణించాడు. "ఇరవై ఒకటిన్నర, పైన ఆరు సెకన్లు" అన్నాడు. నిబంధన పుస్తకం తెరిచి ఆ పేజీ ఇంకోసారి చదివాడు. తరవాత లేచి, తాళాలగుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీశాడు.

గేటు కిర్రుమని తెరుచుకుంది. ముప్పై ఇద్దరూ గోడౌన్ గడప దగ్గరే నిలబడిపోయారు. సోమనాథ్ అప్పలనర్సయ్య చొక్కా పట్టుకున్నాడు.

"ఎప్పుడు?"

"ఇప్పుడేరా నాయినా" అన్నాడు అప్పలనర్సయ్య. "పద!"

మోకాలెత్తు గడ్డిలో బంతి సరిగ్గా దొర్లనే లేదు. ఏడాది తరవాత సోమనాథ్ తన్నిన మొదటి బంతి గోలుకి పది గజాల దూరంగా పోయింది. ఇరవై నాలుగు లక్షల రికార్డుకి మచ్చపడింది. అతను పగలబడి నవ్వాడు. ఎర్రయ్య గోలు వేశాడు, ఎవరూ మదింపు వేయలేదు. జోసెఫ్‌ని రెండు జట్ల వాళ్లూ మా వైపు వద్దంటే మా వైపు వద్దని తరిమారు. చెప్పులు విడిచి గీత పక్కన నిలబడ్డ అప్పలనర్సయ్య, ఇరవై ఒకటిన్నర నిమిషాలు కాగానే గడియారం చూసి ఈల తానే వేశాడు. చెమటలు తుడుచుకుంటూ వెళ్లి ఎవరి బల్లల మీద వాళ్లు కూర్చున్నారు.

అప్పటి నుంచి రోజూ అంతే. ఎండీ గారు నెలాఖరున స్టాకు రిజిస్టరు తెప్పించి చూస్తారు. అందులో లక్ష్మణస్వామి గుండ్రటి అక్షరాలతో రెండే రెండు వాక్యాలు రాసి ఉంటాయి. "సరుకు మొత్తం భద్రంగా ఉన్నది. ఆట: నూటికి ఒకటిన్నర, తరుగు కింద కొట్టివేయడమైనది."